సామ్రాజ్యం ఆకలితో ఉంది

జూన్ 3, మంగళవారం

ఈ ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని లిల్లీ చూపించింది. నాకు అక్షరం ముక్క రాదు. ఇందులో ఏముందో నేను కూడా తిరిగి చదవలేను. అందుకే దీనికి చెబుతున్నాను. రేపు ఎవరైనా నన్ను నిలబెట్టి అడిగితే నా పక్షాన ఒక రాత ఉండాలి. అడిగే పని నేనేమీ చేయలేదు. అయినా ఉండాలి.

లిల్లీ నా ఆడపడుచు. మిషను బడిలో ముప్పై నాలుగేళ్ళు పంతులమ్మ. పెళ్ళి వద్దనుకుంది. ఆమె ఇల్లూ నా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. పోయిన వారం స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రేపు నెల్లూరులో ఆపరేషను. తోడుగా దుర్గ వెళుతుంది. దుర్గది పట్టపుపాళెం, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. మొగుడు పెంచలయ్య పడవ మీద వేటకు పోతాడు. సర్కారు వేట ఆపించి రెండు నెలలు కావస్తోంది, పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. లిల్లీని చూసుకున్నందుకు ఇచ్చే జీతం మీదే ఇప్పుడు ఆ ఇల్లు నడుస్తోంది.

వెళ్ళేముందు లిల్లీ తన రాజ్యం నాకు అప్పజెప్పింది. పాతకాలపు రాజుల ఆట అది. కోట, ఊళ్ళు, వరి కయ్యలు, సైన్యం అన్నీ ఉంటాయి. చదువు లేకపోయినా బొమ్మలు చూసి ఆడుకోవచ్చు, మిగిలింది అదే తెలుగులో నోటితో చెబుతుంది. మూడు నెలల కిందట నా ఫోనులో నాకూ ఒక రాజ్యం పెట్టి ఇచ్చింది. మొదటిసారి తెరిచినప్పుడు ‘సామ్రాజ్యం ఆకలితో ఉంది’ అన్నది. హడలిపోయి ఫోను మంచం మీద పడేశాను. దీనికి నా పేరు ఎవరు చెప్పారు? పొద్దున నేను తినలేదని దీనికెట్లా తెలిసింది? నిజంగానే తినలేదు ఆ పూట.

లిల్లీ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “నిన్ను గాదు వొదినా. రాజ్యాన్ని. నీ పేరుకు అర్థం అదే.”

డెబ్బై ఒక్క ఏళ్ళు మోసిన పేరుకు అర్థం ఉందని ఆరోజే తెలిసింది.

లిల్లీకి సైన్యం లేదు. తొమ్మిది ఊళ్ళు, వాటి చుట్టూ పచ్చగా కయ్యలు, నడుమ నిండు గాదె. ఒక్కో ఊరి మీద ఏవో అక్షరాలు రాసుకుంది. ఆటలో ఆమె గాదెకు తాళం ఉంటుంది, అది నాకిచ్చింది.

“నేనొచ్చేదాకా సాయంత్రం ఒకసారి పంట కోసి గాదెలో వెయ్యి వొదినా. అంతే. ఇంకేం చెయ్యబాక.”

“నాకు చెప్పాల్నా?” అన్నాను.

జూన్ 5, గురువారం

ఆపరేషను బాగా జరిగిందట. దుర్గ ఫోను చేసింది. లిల్లీ మత్తులో ఉందట.

సైన్యం సంగతి చెప్పాలి. ఎర్రజెండావాడని ఒకడు, ఏ ఊరివాడో ఎవడో తెలియదు, ఆటలో నా పక్క రాజ్యం వాడు. నా ఉప్పుమడులు మూడు లాక్కున్నాడు. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని విడవలూరు నుంచి ముప్పై ఏళ్ళు సంతలు తిరిగినదాన్ని నేను. నా బుట్టలో చెయ్యి పెట్టినవాణ్ణి ఊరికే వదిలింది లేదు.

సైన్యం కావాలంటే డబ్బు కావాలి. పన్ను పెంచితే ఊళ్ళలో బొమ్మల ముఖాలు ముడుచుకుంటాయి. ఇంకాస్త పెంచితే మూటలు సర్దుకుని పోతారు. పన్ను నమ్ముకుని సైన్యాన్ని నిలపలేమని తొందరగానే అర్థమైంది. వ్యాపారం చేయాలి. అది నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వేట ఆగక ముందు చేప కొని ఎండబెట్టి, వేట లేని రోజుల్లో అమ్మితే ఒకటికి మూడు. ఆటలోనూ అంతే. ఏ రాజు ఏ రాజు మీద కాలు దువ్వుతున్నాడో చూసుకుని, వాళ్ళ దారిలో ఉప్పంతా ముందే కొని దాచాను. యుద్ధం మొదలైతే మాంసం ఊరవేయడానికి ఉప్పు కావాలి కదా. నా వాకిటికి వచ్చి, చెప్పిన ధరకు కొన్నారు. బేరం ఆడిన ఒకడికి తెల్లారి ధర పెంచాను. ‘సామ్రాజ్యం సంపన్నమైంది’ అన్నది ఫోను. అవును మరి.

రెండు వందల గుర్రాలు కొన్నాను. ఆరు వందల మంది బల్లేలవాళ్ళను పెట్టాను. కోట ముందు బారులు తీరి నిలబడితే చూడాలి. గొప్పగా ఉన్నింది.

ఒక్కచోట తప్పాను. చేపలు అమ్ముడుపోకపోతే బుట్ట నన్ను అన్నం అడగదు. సైన్యం అడుగుతుంది. నిలబడినా తింటుంది, పడుకున్నా తింటుంది, గుర్రం మరీ. జీతం బంగారంతో ఇచ్చేస్తాను సరే, తిండి ధాన్యంతోనే పెట్టాలి. కొందామంటే అమ్మేవాడు లేడు. అన్నిచోట్లా యుద్ధాలు, గింజ బయటికి తీయడం లేదు ఎవరూ. కొండంత బంగారం పెట్టుకుని కూర్చున్నాను. గాదెలో ఎలుకకు కూడా లేదు.

జూన్ 7, శనివారం

లిల్లీ గాదెలోంచి పది బస్తాలు తీశాను. చేబదులే. ఆమె వచ్చేలోపల పోసేస్తాను.

జూన్ 8, ఆదివారం

పెంతెకొస్తు పండగ. పిడికెడు బియ్యం వసూలు చేశాను. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే గిన్నెలో వేయాలి. అది దేవుడిది. ఆదివారం గుడికి వచ్చే ఆడవాళ్ళు తెచ్చి నా దగ్గర పోస్తారు, నా పంచలో డ్రమ్ములో ఉంటుంది, అమ్మి, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీకి జీతం ఇస్తాం. నా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పని అది. తుఫానుకు మూడు రోజులు పొయ్యి వెలగనప్పుడు కూడా నా మొగుణ్ణి ఆ డ్రమ్ము మూత తీయనివ్వలేదు.

కరుణాకుమారి తెచ్చిన సంచి తేలిగ్గా ఉంది.

“ఏందిమే, ఈ వారం మీ ఇంట్లో పిడికిలి సన్నబడిందా?” అన్నాను, అందరూ వింటుండగానే. ఆమె తల దించుకుంది.

ఇంటికి వచ్చి ఇంకో ఇరవై బస్తాలు తీశాను.

జూన్ 10, మంగళవారం

లిల్లీ గాదె అంతా తీశాను. సగం తిన్న సైన్యంతో యుద్ధానికి పోతే ఓడిపోతాం. ఓడిపోతే తీసుకున్నది కూడా దండగ. గెలిస్తేనే తిరిగి పోయగలను. కాబట్టి తీయడమే ఆమెకు మంచిది.

గెలిచాను. నా మూడు మడులూ వచ్చాయి, వాడివి రెండు వచ్చాయి. కొల్లగొట్టిన పెట్టెలు తెరిస్తే అన్నీ బంగారమే. ధాన్యం లేదు.

జూన్ 11, బుధవారం

లిల్లీ ఊళ్ళవైపు చూడలేదు. ఇంట్లో పనుంది.

జూన్ 14, శనివారం

లిల్లీని తెచ్చారు. దుర్గ, నేను కలిసి మంచం మీద పడుకోబెట్టాం. కాఫీ తాగింది. ఫోను తెరిచింది. కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“గాదెలో గింజ లేదు. ఒక్క ఊళ్ళో మనిషి లేడు వొదినా.”

నేను దిండు సర్దుతున్నాను.

“అమ్మ ఊరు ఖాళీ. సుశీలమ్మగారి ఊరు ఖాళీ. అన్నయ్య ఊరు కూడా...”

అన్నయ్య అంటే క్రీస్తుదాసు. నా మొగుడు. ఆయన పోయి పదకొండేళ్ళు. లిల్లీ తొమ్మిది ఊళ్ళకూ పోయినవాళ్ళ పేర్లు పెట్టుకుందట. రోజూ వాళ్ళ కయ్యలు కోసి, వాళ్ళ ఊళ్ళకు రొట్టెలు పంపుతుందట. ఊరి మీద ఉన్న ఆ అక్షరాలు ఆయన పేరని నాకెట్లా తెలుస్తుంది? ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తీసేదాన్నా?

ఇందులో అబద్ధం చెప్పి లాభం లేదు. తీసేదాన్నేమో. గుర్రాలు నిలబడి ఉన్నాయి.

“ఎవరు చేసినారు?” అన్నది లిల్లీ. ఆటలో ఏం జరిగిందో రాసిపెట్టే పలక ఒకటి ఉంటుందట, మూడు రోజులకు తుడిచేసుకుంటుందట. నేను తీసి నాలుగు రోజులైంది.

“ఆసుపత్రిలో ఫోను ఎవురి చేతిలో ఉన్నింది?” అన్నాను.

ఆ ఒక్కమాటే అన్నాను. దుర్గ పేరు ఎత్తలేదు. దుర్గ గిన్నె కడిగి తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

“నేను మా ఆయనకు ఫోను చేసేదానికి తీసినానమ్మా. ఇంకేం నొక్కలా,” అన్నది.

“పోనీలే,” అన్నది లిల్లీ. “తెలీక నొక్కుంటుంది. ఆటే గదా.” గోడవైపు తిరగబోయింది, తుంటి తిరగనివ్వలేదు.

జూన్ 15, ఆదివారం

ఈరోజు పడవలు నీళ్ళలోకి దిగాయి. గుడికి పోయాను. పిడికెడు బియ్యం వసూలు చేశాను. ఎవరినీ ఏమీ అనలేదు.

జూన్ 19, గురువారం

మా ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన అయ్యాక కరుణాకుమారి నా పక్కన చేరింది.

“టీచరమ్మ దిగాలుగా ఉందేమక్కా?”

నోరు కట్టేసుకోవచ్చు. కట్టుకోలేదు. “ఆసుపత్రిలో ఉండంగా గాదె ఖాళీ చేసిపెడితే దిగాలుగా ఉండదా?”

“ఎవురక్కా?”

“పక్కన పెట్టుకున్నోళ్ళే దొంగలైతే ఎవురని చెప్పేది!”

ఆటలో గాదె అని నేను అనలేదు. అనుకున్నానా అంటే, అనుకోలేదు కూడా. కరుణాకుమారి లేచి నా పంచకు వెళ్ళి డ్రమ్ము మూత తీసింది. అడుగున రవంత బియ్యం ఉంది. బైబిలు స్త్రీకి వైద్యానికి ముందుగానే కావాలంటే పోయిన సోమవారం నేనే అమ్మాను. ఆ సంగతి నాకూ లిల్లీకీ తప్ప ఎవరికీ తెలియదు.

“అయ్యో, అయ్యో, దేవుడి బియ్యం!” అని కరుణాకుమారి గుండెలు బాదుకుంది. “ఆ పాళెం మనిషేనా, నీళ్ళ బిందెకని రోజూ ఈ పక్కనించే పోతాది!”

అప్పుడు చెప్పొచ్చు, అమ్మింది నేనేనని. చెప్తే, మరి ఖాళీ అయిన గాదె ఏదని అడుగుతారు. ఏదని చెప్పను? మనమరాళ్ళు ఎత్తే వయసులో ఫోనులో గుర్రాలకు మేత పెట్టాను అని చెప్పనా?

పదిమంది నా వైపు చూశారు. మూత పెట్టేసి, “దేవుడే చూసుకుంటాడు,” అన్నాను. అవుననడం కంటే పెద్దమాట అది.

జూన్ 20, శుక్రవారం

దుర్గ పనికి వచ్చింది, లిల్లీ దగ్గరికి పోకుండా నేరుగా నా వాకిట్లో నిలబడింది.

“ఏం పెద్దమ్మా, దేవుడి బియ్యం నేనెత్తుకపొయ్యినానంట?”

“నేనా మాట అన్లేదమ్మే.”

“మరే మాట అన్నావు?”

నేను చీపురు అందుకున్నాను.

“బస్సు దిగేలోపల నలుగురు అడిగినారు నన్ను. మీ డ్రమ్ములో గింజ నా పొయ్యి మీద ఉడికింటే...”

“ఒట్లు పెట్టబాక.”

“ఒట్టు గాదు, అడగతన్నా. పది దినాలు ఆసుపత్రిలో టీచరమ్మ గిన్నె ఎత్తినా. అప్పుడు నా చెయ్యి బాగానే ఉన్నిందే! డ్రమ్ము కాడికి వచ్చేసరికి దొంగచెయ్యి అయిందా?”

“గమ్మున పని చూసుకోపో,” అన్నాను. అంత మాట నాకెట్లా వచ్చింది.

“చూసుకుంటా. ఈడ గాదు,” అని వెళ్ళిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు, చేతపట్టుకుని వెళ్ళింది.

దుర్గకు జ్వరమట అని లిల్లీకి చెప్పాను.

జూన్ 22, ఆదివారం

“దుర్గకు తగ్గలేదా?” అని లిల్లీ మూడుసార్లు అడిగింది. ఒళ్ళు తుడుస్తుంటే నీళ్ళు కాలాయని అరిచింది. దుర్గ అయితే మోచేత్తో చూసి తెచ్చేదట.

జూన్ 26, గురువారం

పెంచలయ్య వచ్చాడు. భుజం మీద పాతిక కిలోల బియ్యం బస్తా. పంచలో దించి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“తూకం చూసుకోమ్మా.”

“ఏందిది?”

“మా కాపులు, పాళెం పెద్దోళ్ళు, కూర్చోని చెప్పినారు. దేవుడి సొమ్ము ఏ దేవుడిదైనా మన పాళెంలో ఉండకూడదు, కట్టేసి రమ్మన్నారు. వేటకు పొయ్యొచ్చిన డబ్బులతో కొన్యా.”

“దుర్గ తీసినానన్నదా?”

“తియ్యలేదంది. కట్టొద్దంది. కడితే ఒప్పుకున్నట్టేనని నిన్నటినించీ నాతో మాట్లాడలా.” ఇంటికి పోవాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. “నేనేం చేసేదమ్మా, పెద్దోళ్ళ మాట. ఇంకెంతైనా తక్కువుంటే చెప్పు.”

ఏమీ తక్కువ లేదని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను.

“సరిపోద్ది,” అన్నాను.

వాడు వెళ్ళాక బస్తా విప్పి డ్రమ్ములో పోశాను. అత్త చేతిలో, నా చేతిలో, ఎన్ని కరువులు దాటిందో ఆ డ్రమ్ము. దొంగబియ్యం పడింది ఈరోజే.

జూన్ 27, శుక్రవారం

సైన్యాన్ని పంపేశాను. ఒక బొమ్మ నొక్కితే బల్లేలు కింద పెట్టి, తలలు వంచుకుని బారుగా కోట దాటి వెళ్ళారు. చివరిదాకా చూశాను.

తర్వాత లిల్లీ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. పది బస్తాలు, ఇరవై బస్తాలు, గాదె మొత్తం. డ్రమ్ము. పెంచలయ్య బస్తా. తిడుతుందనుకున్నాను.

“ఎర్రజెండావాణ్ణి గెలిచినావా?” అని అడిగింది.

“గెలిచినా.”

“ఎన్ని మడులు?”

“మనవి మూడు. వాడివి రెండు.”

“అయిదు మడులు.” వేళ్ళు మడిచి చూసుకుంది, బడిలో పిల్లలకు చూపించినట్టు. “అయిదింటికి అమ్మ ఊరూ, అన్నయ్య ఊరూ, దుర్గ కడుపుకూడూ ఇచ్చినావు. ఎండుచేపలు గూడా ఇట్నే అమ్మినావా వొదినా, ఇన్నేళ్ళు?”

నన్ను కొట్టినా బాగుండేది.

“నాకు చెప్పడం తేలిక. నేను మంచంలో ఉండా, లేచి పోలేను. పో, ఆమెకు చెప్పు,” అన్నది.

జూన్ 28, శనివారం

డ్రమ్ములోంచి పాతిక కిలోలు తూచి బస్తాకెత్తి ఆటోలో పాళెం పోయాను. వలలు ఆరేసిన చోట ఆడవాళ్ళు చేపలు వేరుచేస్తున్నారు. దుర్గ లేదు. రొయ్యలు వలిచే షెడ్డుకు పోతోందట. ఆమె వచ్చేదాకా వాళ్ళ అరుగు మీద బస్తా పక్కన కూర్చున్నాను. మంచినీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది, తాగలేకపోయేదాన్ని.

వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి దుర్గకు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను. ఆట అన్నాను, గాదె అన్నాను, డ్రమ్ము బియ్యం అమ్మింది నేనే అన్నాను. ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగం చాలింది.

“గుర్రాలకా?” అన్నది.

“ఊఁ.”

“ఉత్తుత్తి గుర్రాలకా?”

“ఊఁ.”

“మా ఆయనతో నాలుగు దినాలుగా మాటల్లేవు నాకు. మా అత్త నా సంచి వెతికింది.” గొంతు పెంచలేదు. “దొంగ అని నలుగురిలో అన్నావు. కాదని నా చెవిలో చెప్తన్నావా పెద్దమ్మా?”

“ఏం చెయ్యమంటావు?”

“యాడ అన్నావో ఆడ చెప్పు. రేపు ఆదివారమేగా. నేను వస్తా. లోపలికి రాను, వాకిట్లో నిలబడతా. నాకు వినపడాల.”

“ఫోను సంగతి గూడానా? నవ్వతారే.”

“నన్ను చూసి ఉమ్మేసినారు. నిన్ను చూసి నవ్వితే ఏం?”

పాపం చేశానని చెప్పడానికి నాకు భయం లేదు. గుళ్ళో అందరూ చెప్పేదే. తాగినవాడు చెబుతాడు, కొట్టుకున్నవాళ్ళు చెబుతారు, అందరూ ‘స్తోత్రం’ అంటారు. గుర్రాల సంగతి చెప్పడమే నాకు చేతకావడం లేదు.

జూన్ 29, ఆదివారం

జీవానందం పాస్టరుగారు “సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా...” అనగానే లేచాను. ఆలస్యం చేస్తే కూర్చుండిపోతానని తెలుసు.

దుర్గ వచ్చింది. గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట నిలబడింది. పక్కన పెంచలయ్య ఉన్నాడు, రెండడుగులు ఎడంగా.

“పిడికెడు బియ్యం ఎవరూ తియ్యలేదు. నేనే అమ్మినా, బైబిలు స్త్రీ వైద్యానికి,” అన్నాను. అంతవరకు బాగానే ఉంది. “గాదె ఖాళీ అయిందన్నాను. అది లిల్లీ గాదె. ఫోనులో. దొంగని నేను. నాకు రెండు వందల గుర్రాలుండినాయి, వాటికి మేత లేక...”

మగవాళ్ళ వైపు నుంచి ఒక నవ్వు వచ్చింది. తర్వాత ఆడవాళ్ళ వైపు. కరుణాకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. “ఏనుగులు గూడా ఉన్నాయా సామ్రాజ్యమ్మా?” అని వెనక ఎవరో అన్నారు, గుడి అంతా గొల్లుమంది. పాస్టరుగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. నాకు కూడా పెదవి మీదికి నవ్వు వచ్చింది. నవ్వేస్తే అయిపోతుంది అనిపించింది. ముసలామె పిచ్చి అనుకుని ఇళ్ళకు పోతారు. కూర్చోబోయాను.

“పెద్దమ్మా!”

గుమ్మంలోంచి దుర్గ. నవ్వులు ఆగలేదు కాబట్టి ఇంకోసారి పిలిచింది.

“నవ్వుల్లో నాకు వినపళ్ళా. మళ్ళీ చెప్పు.”

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చెప్పులు వేసుకోకుండా, తడిసి తెల్లబడ్డ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెంచలయ్య ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

మళ్ళీ చెప్పాను. మొదటినుంచి, ఒక్క గుర్రం తగ్గించకుండా. దుర్గను దొంగ చేసింది నా నోరే, ఆమె మొగుడు తెచ్చిన బస్తా తెలిసే తీసుకున్నానని కూడా చెప్పాను, మొదటిసారి అది మింగేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వినంతసేపే తేలిగ్గా ఉండిందని అప్పుడు తెలిసింది.